నల్లదొరతనము వలదన్న కవి

1917వ సంవత్సరమున బెజవాడలో, హైదరాబాదువాసి భాగ్యరెడ్డివర్మగారి యధ్యక్షతను మనవారి మహాసభ గూడెను. పంచమసభగా పిలువబడిన యాసభ ఆది ఆంధ్ర సభయై ముగిసెను. ఈ నేలకు మొదటివారము మేమే యనుట యా పేరునకు భావము.

ఆ భావమును పాటగా జేసినవారిలో రాజమహేంద్రవర వాస్తవ్యులగు కుసుమ ధర్మన్నగారిని మేము మొదట దలంతుము. వీరు వైద్యులు, 'జయభేరి' పత్రికను నడపిరి. గరిమెళ్ళ సత్యనారాయణగారు తెల్లదొరతనము వలదని పాడగా, ధర్మన్నగారు నల్లదొరతనమును గూడ వలదనిరి. అనరా మఱి! కృష్ణకాలువ నీరు డెల్టా పొలములకెల్ల బాఱుచుండ, ఆ పొలము దున్నినవానికి ఊరిచెరువున కడవ ముంచు హక్కు లేకుండెను. తెల్లవాడు పోయినంతనే యా కడవ నిండునా?

గరిమెళ్ళవారి పాట నెఱుగనివారరుదు. ధర్మన్నగారి పేరైన విననిపిల్లలు మన యిండ్లలోనే యున్నారు.