రంగము పోయినవారి బిడ్డలు

బర్మాచరిత్రము వ్రాయువారు బియ్యపుమిల్లుల లెక్క తప్పక చెప్పుదురు. ఆ మిల్లులలో మూటలు మోసినవాని బిడ్డ యెవరియొద్ద పెరిగెనో చెప్పరు. రంగూనును మన కళింగాంధ్రమున రంగమనెడివారు. మేస్త్రీ బయానా యిచ్చి, టిక్కెట్టు తానే కొని, పిదప కూలిలో విరుచుకొనెడివాడు. భీమునిపట్నము, విశాఖపట్నము, కాకినాడ రేవులలో ఓడ యెక్కినవారిలో స్త్రీలు స్వల్పము.

1931 జనాభాలెక్కలనాటికి బర్మాలోని భారతీయులు 10 లక్షలు దాటిరి. రంగూనులో కూలివాని బస పండుకొనుటకే చాలదు. అందు సంసార మెక్కడ? యజమాని యిచ్చినది ఒంటరివాని పొట్టకు చాలినంతయే. బిడ్డను పెంచు వ్యయమును, వానికి జ్వరము వచ్చిన రాత్రి మేలుకొను శ్రమమును ఊరిలోని ముసలమ్మ భరించెను. ఆమె పేరు ఏ కూలిలెక్కలోను లేదు. మిల్లుల లాభములో ఆమె పాలు కలదని మా యభిప్రాయము.

1941 డిసెంబరు 23న రంగూనుపై జపానువారి బాంబులు పడెను. కాలినడకను కొండలు దాటి వచ్చినవారు కొందరు. త్రోవలో రాలినవారు కొందరు. ఏ కబురును రాని యిండ్లలో బిడ్డలు ఎదురుచూచుచునే పెద్దవారైరి.

ఇప్పుడు గోదావరి, కడప ప్రాంతములనుండి తల్లులే కువైటు పోయి పరుల బిడ్డలను సాకుచున్నారు. అట్టివారి పిల్లలకు, బడి రిజిస్టరులో సంరక్షకుల గడియందు, మేము అమ్మమ్మల పేర్లు వ్రాయుచున్నాము.