పాలిష్ చేయని కొర్రలతో కుక్కర్ పులావు

కొర్రలు పండించే రైతులు చాలామంది పంటంతా అమ్మేసి, ఇంట్లోకి బియ్యం కొనుక్కుంటున్నారు. కొర్రలు గట్టిగా ఉంటాయని, పిల్లలు తినరని చెబుతారు. సరిగా నానబెట్టకపోవడం వల్లే అలా జరుగుతుంది. కొంత పంట ఇంటికి ఉంచుకుని ఇలా వండి చూడండి.

మర పట్టించేటప్పుడు: పై పొట్టు మాత్రమే తీయించండి. పాలిష్ చేస్తే తవుడుతో పాటు పీచు, విటమిన్లు పోతాయి.

కావలసినవి: కొర్రలు 1 గ్లాసు, నీళ్లు 2 గ్లాసులు, ఉల్లిపాయ 1, పచ్చిమిర్చి 3, క్యారెట్, బీన్స్ ముక్కలు అర గ్లాసు, అల్లం వెల్లుల్లి ముద్ద 1 చెంచా, నూనె 2 చెంచాలు, లవంగాలు, దాల్చిన చెక్క, ఉప్పు.

తయారీ విధానం:
1. కొర్రలను కడిగి, ఇసుక లేకుండా గాలించి, 6–8 గంటలు నానబెట్టి నీళ్లు వంపేయాలి.
2. కుక్కర్‌లో నూనె కాచి మసాలా దినుసులు, ఉల్లి, మిర్చి, అల్లం వెల్లుల్లి ముద్ద, కూరగాయలు వరుసగా వేయించాలి.
3. కొర్రలు వేసి 2 నిమిషాలు కలిపి, నీళ్లు, ఉప్పు చేర్చాలి. కుక్కర్ సగానికి మించకూడదు.
4. మధ్యస్థ మంటపై 2 విజిల్స్ రానిచ్చి దించాలి. ఆవిరి దానంతట అది తగ్గేదాకా మూత తీయకండి. గింజ పూర్తిగా మెత్తబడేది అప్పుడే.

నిల్వ: పొట్టు తీసిన కొర్రలు త్వరగా వాసన వచ్చి చేదెక్కుతాయి. నెలకు సరిపడా మాత్రమే మర పట్టించి, మిగతావి పొట్టుతోనే దాచుకోండి.