నాగు గింజలకు రోజుల్లేవు

ఆ కట్టె కొంచెం ఎగదొయ్యి బిడ్డా, చలి ముదురుతాంది. ‘లిమిట్ లచ్చ ఉంది తాతా, మొత్తం తీద్దునా?’ అని పొద్దున అడిగినవు గదా. చెప్తా ఇను.

మా నాయిన కాలంల నాగు ఉండె. మిరుగు రాంగనే సంచి పట్టుకొని సావుకారి ఇంటికి పోవుడు. పది కుంచాల వడ్లు తెస్తే పంట మీద పదిహేను కొలవాలె. ఇచ్చేటప్పుడు తలగొట్టి ఇచ్చేది, తీసుకునేటప్పుడు శిగబోసి తీసుకునేది. మూడు నెలలకు తీర్చినా, ఐదు నెలలకు తీర్చినా అదే పదిహేను. నాగు గింజలకు రోజుల లెక్క లేదు.

తర్వాత సొసైటీ వచ్చింది. కొంత పైకం, కొంత ఎరువు బస్తాలు. 1969ల పద్నాలుగు బ్యాంకులను సర్కారు తీసుకున్నంక బ్యాంకోళ్లూ రైతు మొకం చూసుడు మొదలైంది. అయితే యేటా కొత్త కాయితాలే. పహాణీ తేవాలె, వేరే బ్యాంకుల బాకీ లేదని చీటీ తేవాలె. అవన్నీ అయ్యి లోను చేతికొచ్చేటాళ్లకు అదును దాటేది. అందుకే నేను అడితి సేటు కాడికి పోయిన. నూటికి నెలకు రెండు రూపాయలు. పైగా పత్తి ఆయన కాంటా మీదనే పెట్టాలె. వడ్డీ కంటె ఆ కాంటానే ఎక్కువ గుంజింది.

1998ల కిసాన్ కార్డు వచ్చింది. ఏ పంటకు ఎకరానికి ఎంత పెట్టుబడో జిల్లా కమిటీ లెక్కగడతది. దాన్ని నీ ఎకరాలతో హెచ్చేసి, ఇంటి ఖర్చుకని నూటికి పది, మరమ్మతులకని ఇరవై కలుపుతరు. అదే లిమిట్. ఒక్కపారి రాస్తే ఐదేండ్లు నడుస్తది. అది గుమ్మి అనుకో. తోడుకున్నదానికే వడ్డీ, తోడుకున్న రోజులకే వడ్డీ.

నలబై వేలు తీసి ఆరు నెలలకు కట్టినవనుకో. సేటుకైతే నాలుగు వేల ఎనిమిది వందలు. బ్యాంకుల నూటికి ఏడాదికి ఏడు, అంటే పద్నాలుగు వందలు. మూడు లచ్చల లోపు పంట అప్పు తేదీకి కడితే నూటికి ఇంకో మూడు సర్కారు తగ్గిస్తది. ఎనిమిది వందలతోని తేలిపోతది.

ఆ తేదీ కాడనే నేను తప్పిన. ఒక యేడు ధర లేస్తదని పత్తి ఇంట్ల పెట్టుకొని కూసున్న. ధర లెవ్వలే, తేదీ దాటింది, మూడు పాయె. ఆ భయానికి తర్వాతి యేడు రెండు దినాలకని సేటు కాడ పైకం తెచ్చి కట్టిన. తెల్లారి మళ్ల తీసి ఆయనకే ఇచ్చిన, వడ్డీతో సహా. కాయితం మీద బాకీ తీరినట్టే కనబడ్డది, ఇంట్ల పైసా తగ్గలే.

నారుకు, దుక్కికి ఎంతో అంతే తియ్యి. నాటు కూలి సంక్రాంతి దాకా రాదు, అది గుమ్మిలనే ఉండనీ. ఏదీ, ఆ పాసుబుక్కు మంట కాడికి పట్టు. నా కండ్లకు ఆనుతలేదు, తేదీ నువ్వే సదువు.