మీ భుజం మీద మచ్చ, మా నాన్న బ్లాడర్‌లో మందు

ఫోన్ కుడిచేతిలోకి మార్చుకుని ఒక్కసారి మీ ఎడమ భుజం చూసుకోండి. పైన చిన్న గుండ్రటి మచ్చ ఉంటుంది చాలామందికి. పుట్టిన కొత్తలో వేసిన బీసీజీ టీకా గుర్తు అది. టీబీ రాకుండా వేస్తారని మనందరికీ తెలుసు. పోయిన ఏడాది వరకు నాకు తెలిసింది కూడా అంతే.

పోయిన ఏడాది కొండాపూర్‌లో మా ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని మా నాన్న నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "చిన్నపిల్లోళ్లకి వేసే సూది మందు నాకెందుకురా? అదీ ఉచ్చబుడ్డలో పోస్తారంటనే?" నా దగ్గర జవాబు లేదు. కోడింగ్ మానేసి వీడియోలు మొదలుపెట్టి రెండేళ్లయింది, ఎవరెవరి చరిత్రలో మీకు చెప్పాను. ఇంట్లో వాళ్లకు చెప్పాల్సిన కథ మాత్రం తెలియదు. ఈ ఎపిసోడ్ ఆ ప్రశ్నకు జవాబు.

ముందు నా తప్పు చెప్పేస్తాను. మాది మదనపల్లె. నాన్న ఊరి నుంచి ఫోన్ చేసి, "మూత్రం ఎర్రగా వచ్చిందిరా, నొప్పేం లేదు" అన్నాడు. "వేడి చేసింటాదిలే నాయనా, మజ్జిగ తాగు" అన్నాను. రెండు రోజుల్లో మామూలైపోయింది. మళ్లీ రెండు నెలలకు వచ్చింది. అప్పుడు హైదరాబాద్ తీసుకొచ్చాను. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడి ఆగిపోయిందంటే తగ్గిపోయినట్టు కాదు. బ్లాడర్ క్యాన్సర్ చాలాసార్లు అలాగే మొదలవుతుంది. ఆ రెండు నెలలు నా ఖాతాలోనే ఉన్నాయి.

స్కాన్‌లో గడ్డ కనిపించింది. పైన కోత లేకుండా, మూత్రనాళం లోంచి కెమెరా గొట్టం పంపి గీకి తీశారు. టీయూఆర్‌బీటీ అంటారు ఆ ఆపరేషన్‌ని. నాన్న మూడోరోజు ఇంట్లో ఉన్నాడు, అయిపోయింది అనుకున్నాం. తర్వాత బయాప్సీ రిపోర్ట్ వచ్చింది: టీ1, హై గ్రేడ్. అంటే గడ్డ లోపలి పొర దాటి కిందికి దిగింది, కండరం దాకా వెళ్లినట్టు కనపడలేదు. కనపడలేదు అని ఎందుకంటున్నానంటే, తీసిన ముక్కలో అసలు కండరమే లేదని రిపోర్ట్‌లో ఇంకో లైన్ ఉంది. కండరం పరీక్షకు రాకపోతే "అక్కడ లేదు" అని ఎలా చెప్తారు? ఆ లైన్ మాకెవరూ చదివి వినిపించలేదు. రెండో ఒపీనియన్‌కి వెళ్లిన చోట డాక్టర్ గారు పెన్నుతో దాని కింద గీత గీశారు. మళ్లీ మత్తు, మళ్లీ గీకుడు. ఈసారి కండరం వచ్చింది, అందులో క్యాన్సర్ లేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి రిపోర్ట్ వస్తే కండరం గురించి ఏం రాశారో ముందు అది అడగండి.

ఆయన ఇంకో ప్రశ్న కూడా వేశారు. "ఏం పని చేసేవాళ్లు?" సిగరెట్ గురించి అడుగుతారని తెలుసు, పని గురించి ఎందుకు? నాన్న వయసులో ఉన్నప్పుడు నీరుగట్టువారిపల్లెలో పట్టు నూలుకు రంగులద్దే పని కొన్నేళ్లు చేశాడు. డాక్టర్ గారు రెండూ రాసుకున్నారు. దాని వెనక 1895 ఉంది. ఆ ఏడాది జర్మనీలో లుడ్విగ్ రెన్ అనే సర్జన్, అనిలిన్ రంగుల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు బ్లాడర్ గడ్డలు వస్తున్నాయని చెప్పాడు. తర్వాత 1938లో హ్యూపర్ అనే ఆయన, రంగుల తయారీలో వాడే బీటా నాఫ్తిలమీన్‌ని కుక్కలకిచ్చి అదే క్యాన్సర్ తెప్పించి చూపించాడు. నాన్నకు రంగు వల్ల వచ్చిందా, సిగరెట్ వల్లా అని ఎవరూ తేల్చలేరు. మామూలుగా చూస్తే ఈ జబ్బుకు పెద్ద కారణం పొగే.

సరే, ఆపరేషన్ అయింది. ఇప్పుడేంటి? గడ్డ తీసేశాక ఇంకా వైద్యం ఎందుకని నాన్న వాదన. న్యాయమైన ప్రశ్నే. యూరప్‌లో ఏడు ట్రయల్స్‌లోని 2,596 మంది పేషెంట్ల లెక్కలు కలిపి 2006లో ఒక పట్టిక వేశారు. ఐదేళ్లలో జబ్బు తిరిగొచ్చే అవకాశం, రకాన్ని బట్టి, 31 నుంచి 78 శాతం. కండరంలోకి ముదిరే అవకాశం 1 నుంచి 45 శాతం. ఆ రెండో అంకెల మధ్య దూరం చూడండి. ఒకే పేరున్న జబ్బులో ఒకరికి ఊరికే చూసుకుంటూ ఉంటే చాలు, ఇంకొకరికి అది ప్రాణాల మీదికి వస్తుంది. హై గ్రేడ్ టీ1 అంటే ఆ పట్టికలో ప్రమాదం ఎక్కువున్న వైపు.

డాక్టర్ గారు మూడు దారులు చెప్పారు. ఊరికే మూడు నెలలకోసారి కెమెరాతో చూసుకోవడం, నాన్న రకానికి అది తాను సలహా ఇవ్వనన్నారు. రెండు, బ్లాడర్‌లోకి బీసీజీ. మూడు, ఇప్పుడే బ్లాడర్ మొత్తం తీసేయడం. 1950లో యూజీన్ బ్రికర్ అనే అమెరికన్ సర్జన్ పేగు ముక్కతో మూత్రానికి కొత్త దారి వేసి పొట్ట మీద సంచి పెట్టే పద్ధతి రాశాడు, ఈరోజుకీ అదే ఎక్కువ చేస్తారు. నాన్న సంచి అనగానే లేచి నిలబడ్డాడు.

ఇక బీసీజీ. ఇక్కడ కథ ఫ్రాన్స్‌లోని లీల్ నగరానికి పోతుంది. ఆల్బర్ట్ కాల్మెట్ డాక్టరు, కమీ గెరాన్ పశువుల డాక్టరు. ఆవులకు టీబీ తెచ్చే క్రిమిని ఆలుగడ్డ ముక్కల మీద, గ్లిజరిన్, పశువు పిత్తరసం కలిపి పెంచేవాళ్లు. మూడు వారాలకోసారి కొత్త ముక్క మీదికి మార్చడం. 1908లో మొదలుపెట్టి 13 ఏళ్లు, 230 సార్లు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి జర్మన్ సైన్యం ఊరిని ఆక్రమించింది, అయినా ఆపలేదు. చివరికి క్రిమి బతికే ఉంది, జబ్బు తెచ్చే పదును పోయింది. ఆ ఇద్దరి పేర్లే బీసీజీలో సీ, జీ. 1921లో ప్యారిస్‌లో మొదటిసారి ఒక పసిబిడ్డకు ఇచ్చారు. ఆ బిడ్డ తల్లి టీబీతో పోయింది.

తర్వాత దేశదేశాల ల్యాబులు ఆ క్రిమిని తీసుకెళ్లి ఎవరికి వాళ్లు పెంచుకున్నారు. మన భాషలో చెప్పాలంటే ఒరిజినల్ రెపో నుంచి అందరూ ఫోర్క్ చేసుకున్నారు, ఎవరూ మళ్లీ మెర్జ్ చేయలేదు. అందుకే డేనిష్, మాస్కో, టోక్యో, టైస్, కనాట్ అని రకాలు. 1930లో జర్మనీ లూబెక్‌లో ల్యాబులో అసలు టీబీ క్రిమి కలిసిపోయిన మందు ఇచ్చి 70 మందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. బీసీజీ అంటే భయం అప్పటి నుంచి ఉంది.

మా ఊరు కథలోకి వచ్చేది ఇక్కడే. మదనపల్లె అంటే చాలామందికి టమాటా మార్కెట్, లేకపోతే ఠాగూర్ 1919లో జనగణమనను ఇంగ్లీషులోకి రాసిన ఊరు. మా ఇళ్లలో పెద్దవాళ్లకు మాత్రం ఆరోగ్యవరం. ఊరి పక్కన మిషన్ వాళ్లు పెట్టిన టీబీ శానిటోరియం. డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ అనే డాక్టరు దాన్ని నిలబెట్టాడు. 1948లో మన దేశంలో బీసీజీ మొదలైనప్పుడు, మొట్టమొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. అదే ఏడాది మద్రాసు గిండీలో టీకా తయారు చేసే ల్యాబ్ పెట్టారు. తర్వాత 1950ల నుంచి ఆ ఇంటిపేరే ఉన్న ఇంకో డాక్టరు, జోహానెస్ ఫ్రిమోట్ మోలర్, చుట్టుపక్కల పల్లెల్లో టీకా వేసినవాళ్లనీ వేయనివాళ్లనీ ఏళ్ల తరబడి గమనించి లెక్కలు రాశాడు. మా పల్లెల జనం అంతర్జాతీయ వైద్య పత్రికల్లో అంకెలుగా ఉన్నారు. నాకిది చదివినప్పుడు ఒళ్లు జలదరించింది.

అప్పుడు కూడా నాన్న ప్రశ్నే వేసినవాళ్లున్నారు, చిన్నవాళ్లు కాదు. 1955లో రాజాజీ బీసీజీకి వ్యతిరేకంగా ఏకంగా పుస్తకమే వేశాడు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల ఒంట్లోకి బతికున్న క్రిమిని ఎందుకు ఎక్కించాలని. ఆయన్ని మూఢుడని కొట్టిపారేయడం తేలిక. కానీ 1968లో చెంగల్పట్టు జిల్లాలో 2.5 లక్షలకు పైగా మందితో మొదలైన పెద్ద ట్రయల్‌లో, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని ఈ టీకా ఆపలేదని తేలింది. పసిపిల్లల్లో మెదడుకు వచ్చే టీబీ లాంటి తీవ్రమైన రూపాల నుంచి కాపాడుతుంది, అందుకే ఇంకా వేస్తున్నారు. పుట్టిన పనిలో సగం ఫెయిలైన మందు ఇది.

మరి క్యాన్సర్‌కి ఎలా వచ్చింది? 1929లో అమెరికాలో రేమండ్ పెర్ల్ అనే ఆయన శవపరీక్షల రికార్డులు తిరగేసి, టీబీ ఉన్నవాళ్లలో క్యాన్సర్ తక్కువ కనిపిస్తోందన్నాడు. ఆయన పోల్చిన పద్ధతిలో లోపాలున్నాయని తర్వాత తేలింది. కానీ ఆలోచన మిగిలింది. 1959లో లాయిడ్ ఓల్డ్ బృందం బీసీజీ ఇచ్చిన ఎలుకలు గడ్డల్ని తట్టుకుంటున్నాయని చూపించింది. 1970ల్లో రకరకాల క్యాన్సర్ల మీద ప్రయత్నించారు, చాలావాటిలో పని చేయలేదు.

కెనడాలోని కింగ్‌స్టన్‌లో ఆల్వారో మొరాలెస్ అనే యూరాలజిస్ట్ దాన్ని కెథీటర్‌తో నేరుగా బ్లాడర్‌లోకి పంపాడు. తొమ్మిది మంది పేషెంట్లు, అంతే. వారానికొకటి, ఆరు వారాలు. 1976లో రిజల్ట్ వేశాడు. ఆ తొమ్మిది మందికీ కలిపి, ముందు 77 నెలల్లో 22 సార్లు గడ్డలు తిరిగొచ్చాయి. మందు తర్వాత 41 నెలల్లో ఒక్కసారి.

ఆరు వారాలే ఎందుకు? ఇది తెలిసినప్పుడు నేను నవ్వాను. మాంట్రియల్ నుంచి వచ్చే ఆ టీకా ప్యాకెట్‌లో ఆరు సీసాలుండేవి. సైడ్ ఎఫెక్ట్స్ వారం లోపు తగ్గేవి కాబట్టి వారానికొకటి. ప్రొడక్షన్‌లో ఎవరో పెట్టిన డిఫాల్ట్ వాల్యూ యాభై ఏళ్లుగా అలాగే నడుస్తోంది. మార్చడానికి ఎవరికీ ధైర్యం లేదు, ఎందుకంటే పని చేస్తోంది.

1980లో డోనాల్డ్ లామ్ చీటీ వేసినట్టు పేషెంట్లను రెండు గుంపులుగా విడదీసి పరీక్షించాడు, అక్కడా గెలిచింది. 1990లో అమెరికా అనుమతి. 2000లో లామ్ బృందమే ఇంకో సంగతి చూపించింది: ఆరు డోసులతో ఆపకుండా, మూడేళ్ల పాటు మధ్యమధ్యలో మూడేసి డోసులు ఇస్తే, జబ్బు లేకుండా గడిపే కాలం 36 నెలల నుంచి 77 నెలల దాకా పెరిగింది. అయితే ఆ మూడేళ్ల కోర్సు పూర్తి చేసినవాళ్లు 16 శాతమే. మంట, జ్వరం, రక్తం. భరించలేక చాలామంది మధ్యలో ఆపేశారు. 2013లో 1,355 మందితో వచ్చిన యూరప్ ట్రయల్ ప్రకారం మధ్యస్థ ప్రమాదం ఉన్నవాళ్లకు ఫుల్ డోసు ఒక ఏడాది చాలు, ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్లకు మూడేళ్లు ఇస్తే తిరగబెట్టడం ఇంకాస్త తగ్గుతుంది, కానీ ముదరడంలో, చావుల్లో తేడా కనపడలేదు.

ఇదంతా బాల్కనీలో నాన్నకు చెప్పాను. ఆరోగ్యవరం పేరు వచ్చినప్పుడే తల తిప్పి విన్నాడు. "మా చిన్నమ్మ ఆడ ఆర్నెల్లు ఉండె" అన్నాడు. ఈ విషయం నాకు తెలియదు. కాసేపు ఆమె గురించే మాట్లాడాడు, వరండాలో మంచాలు, అక్కడి చల్లగాలి. తర్వాత, "పని చేయకపోతే?" అన్నాడు. చేయకపోతే సంచి తప్పదు నాయనా, అప్పుడు ఆలస్యమై ఉండొచ్చు కూడా, అన్నాను. అబద్ధం చెప్పాలనిపించింది, చెప్పలేదు. "సరే, ఆరు పోయించుకుంటా. మిగతాది తర్వాత చూద్దాం."

మన దేశంలో ఈ మందు పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ చేస్తుంది, ఆంకో-బీసీజీ. ఇది అమెరికాలోనే కరువైన మందు. టొరంటోలో కనాట్ రకం చేసే ఫ్యాక్టరీ 2012లో ఆగి, 2017లో ఆ కంపెనీ పూర్తిగా మానేశాక, అక్కడ ఒకే సప్లయర్ మిగిలింది. సీసాను ముగ్గురికి పంచండని డాక్టర్ల సంఘమే చెప్పాల్సి వచ్చింది.

మందు పోశాక రెండు గంటలు మూత్రం ఆపుకోవాలి. ఆసుపత్రి నుంచి మా ఇంటికి ఎనిమిది కిలోమీటర్లు. మొదటి వారం కొత్తగూడ జంక్షన్‌లోనే నలభై నిమిషాలు. వెనక సీట్లో నాన్న ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిరిగి పడుకుంటూ, "ఇంకెంతసేపురా" అని అడుగుతూ ఉన్నాడు. ఇంటికొచ్చాక మొదటి ఆరు గంటలు వెళ్లిన ప్రతిసారీ బాత్రూంలో బ్లీచింగ్ పోయాలి, బతికున్న క్రిమి కదా. అమ్మ ఆ బాత్రూం తలుపుకు క్యాలెండర్ కాగితం అంటించి, వెనక తెల్లవైపు 'నాన్నది' అని రాసింది.

నాలుగో వారం రాత్రి 101 జ్వరం వచ్చింది. రెండు రోజుల్లో తగ్గింది. జ్వరం తగ్గకుండా ఉన్నా, చలితో వణికినా వెంటనే రమ్మని వాళ్లు ముందే చెప్పారు. అరుదుగా ఈ క్రిమి రక్తంలోకి పోతుంది, అప్పుడు టీబీ మందులే వాడాలి. ఐదో వారం మూత్రంలో రక్తం కనపడిందని ఆ రోజు మందు ఇవ్వకుండా వెనక్కి పంపారు. ఆరు డోసులకు ఏడు వారాలు పట్టింది.

మూడు నెలల కెమెరా పరీక్షలో ఏమీ లేదు. ఇప్పుడు మూడు డోసుల మొదటి విడత. ఒక ఏడాదా, మూడేళ్లా అన్నది డాక్టర్ గారు ఇంకా తేల్చలేదు. నాన్న మాత్రం తేల్చుకున్నాడు. "ఏడాది. ఆ మీద నువ్వు మళ్లీ కత చెప్పి ఒప్పించుకో."

వచ్చే మంగళవారం రెండో డోసు. పొద్దున ఆరున్నరకే బయల్దేరుతున్నాం, ట్రాఫిక్ లేకముందే.