జంషెడ్జీ చూచిన భవనము

సువర్ణరేఖా ఖర్కాయీ నదుల సంగమమున వెలసిన జంషెడ్‌పూరు జంషెడ్జీ టాటా పేరిటి నగరము. కాని ఆయన ఈ నగరమును చూడలేదు. 1904 మే 19వ తేదీన జర్మనీలో ఆయన కన్ను మూసినాడు. ఉక్కు కంపెనీ ఏర్పడినది 1907లో. సాక్చీ గ్రామము జంషెడ్‌పూరైనది 1919లో.

ఉక్కు కర్మాగారము, జలవిద్యుత్తు, విజ్ఞానపీఠము, గొప్ప హోటలు ఆయన సంకల్పములు. వీనిలో ఆయన కన్నులార చూచినది హోటలొక్కటియే. ఉక్కునకు ఖనిజాన్వేషణము, ప్రభుత్వానుమతి, పలువురి మూలధనము కావలెను. హోటలునకు ఆయన సొంత ధనమే చాలినది.

బొంబాయి తీరమున తాజమహల్ హోటలు 1903 డిసెంబరు 16న తెరువబడినది. సీతారాం ఖండేరావు వైద్య, డి. ఎన్. మీర్జా దానికి రూపకల్పన చేసిరి. ఛేంబర్సు అను ఆంగ్లేయుడు నిర్మాణమును పూర్తిచేసినాడు. విద్యుద్దీపములు, లిఫ్టులు, టర్కీ స్నానశాలలు ఆనాటి బొంబాయికి వింతలు. ఎదుటి గేట్‌వే ఆఫ్ ఇండియా 1924లో గాని పూర్తి కాలేదు. అంతవరకు ఓడలలో వచ్చువారికి దూరమునుండి స్వాగతము పలికినది ఈ హోటలు గుమ్మటమే. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఇదే 600 పడకల ఆసుపత్రి అయినది. 2008 నవంబరులో ఉగ్రవాదుల దాడికి గురియై, అనేకుల ప్రాణనష్టమును చూచి, 2010లో మరల పూర్తిగా తెరువబడినది.

తాను కట్టదలచిన ఉక్కునగరమున విశాలమైన వీథులు, నీడనిచ్చు చెట్లు ఉండవలెనని 1902లో జంషెడ్జీ కుమారుడు దొరాబ్జీకి వ్రాసినాడు. జంషెడ్‌పూరు చెట్లనీడన నడచునప్పుడు, ఆయన చూడగలిగిన ఆ ఒక్క గుమ్మటము నాకు జ్ఞప్తికి వచ్చును.