గురి చూసే హక్కు

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారిలో కొందరికి ఒక సరదా ఉంది. వారాంతంలో నలుగురైదుగురు మిత్రులు కలిసి ఊరికి దూరంగా ఎడారి భూముల్లోకి వెళతారు. ఖాళీ డబ్బాలో, కాగితపు గుర్తులో నిలబెట్టి, పొద్దు వాలేదాకా తుపాకులు పేల్చి, తెచ్చుకున్న పులిహోర తిని ఇళ్ళకు చేరుకుంటారు. అరిజోనా, నెవాడా వంటి రాష్ట్రాల్లో ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల అందుకు అనుమతి ఉంది. ఆయుధం ధరించడం హక్కని 1791 లోనే రాజ్యాంగ సవరణ ద్వారా రాసుకున్న దేశం అది. అక్కడివారికి ఈ సరదా, మనవారికి చెరువుగట్టు షికారంత సహజం.

ఆ కబుర్లు విన్నప్పుడల్లా నాకొక సందేహం కలుగుతుంది. మన ఊళ్ళలో ఇటువంటి సరదా ఎన్నడూ లేదా? లేకేం, ఉంది. మన సికిందరాబాదులోనే, 1882 మొదలు స్వాతంత్ర్యం వచ్చేదాకా, గుమాస్తాలూ రైల్వే ఉద్యోగులూ తీరిక వేళల్లో ఒకచోట చేరి తుపాకి గురి సాధన చేసేవారు. అయితే దానికొక షరతు ఉండేది. గురి కుదిరినా కుదరకపోయినా ఫరవాలేదు గాని, పుట్టుక మాత్రం సరైనదై ఉండాలి. ఆ షరతు కథే ఇది.

ముందుగా ఊరి పుట్టుక చూద్దాం. ఫతే మైదాను దగ్గర ఉన్న గన్‌ఫౌండ్రీ పేరు మీరందరూ విన్నదే. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని మిషెల్ రేమండ్ 1786 లో ఫిరంగులు పోత పోయించడానికి పెట్టిన కార్ఖానా అది. ఆయన దళాల్లో వేలాదిమంది దేశీయ సిపాయిలు ఐరోపా పద్ధతిలో కవాతు నేర్చారు. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. ఆ సెప్టెంబరులో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం కుదుర్చుకున్నాడు. అక్టోబరులో కంపెనీ సేనలు చుట్టుముట్టి ఫ్రెంచి దళాల చేత ఆయుధాలు దింపించాయి. అందుకు పెద్ద యుద్ధమేమీ అవసరం పడలేదు. అలా వచ్చిన కంపెనీ సైన్యం హుస్సేన్‌సాగరుకు ఉత్తరాన విడిది చేసింది. 1806 లో ఆ విడిదికి మూడవ నిజాం సికందర్ జా పేరు పెట్టారు. అంటే సికిందరాబాదు చరిత్రలో మొదటి పుటే ఒక నిరాయుధీకరణ. ఒకరి చేతిలోని తుపాకి కింద పెట్టించిన తరువాతనే ఇక్కడ మరొకరి డేరా లేచింది.

తరువాతి మలుపు 1857. ఎన్‌ఫీల్డు తుపాకి తూటాలకు పూసిన కొవ్వు గురించి చిన్నప్పుడు అందరమూ చదువుకున్నాం. ఆ ఏడాది జూలై 17 న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో కోఠీలోని రెసిడెన్సీ మీద దాడి జరిగింది. దాడి విఫలమయింది గాని అది రేపిన భయం పోలేదు. తరువాతి సంవత్సరాల్లో తిరుమలగిరిలో కందకంతో ఒక కోటవంటిది కట్టుకున్నారు. మళ్ళీ తిరుగుబాటు వస్తే తెల్లవారు తలదాచుకోవడానికన్నమాట. దేశీయ సిపాయిలకు తెల్ల సిపాయిలకన్న ఒక తరం పాత తుపాకులు ఇవ్వడమనే రివాజు కూడా ఆ భయంలోంచి పుట్టిందే. తెల్లవారి చేతికి మార్టిని-హెన్రీ వచ్చినప్పుడు మనవాళ్ళకు స్నైడర్ దక్కింది. ఒకే జెండా కింద నిలబడి ఒకే శత్రువుతో పోరాడేవారి మధ్య కూడా ఆ ఎడం పాటించారు.

ఆ భయానికి చట్టరూపం 1878 లో వచ్చింది. వైస్రాయి లిట్టన్ ఆ ఒక్క సంవత్సరంలోనే రెండు చట్టాలు చేశాడు. దేశభాషా పత్రికల చట్టం మొదటిది, ఆయుధాల చట్టం రెండవది. ఒకటి కలాన్ని కట్టేసింది, మరొకటి తుపాకిని. పత్రికల చట్టాన్ని తరువాత వచ్చిన రిపన్ నాలుగేళ్ళు తిరిగేలోగా ఎత్తేశాడు. ఆయుధాల చట్టం మాత్రం స్వాతంత్ర్యం వచ్చాక కూడా పదిహేనేళ్ళు బతికింది. దాని ప్రకారం భారతీయుడు తుపాకి ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి. అందులో అన్యాయమేమీ లేదనిపించవచ్చు. అసలు మెలిక మినహాయింపుల పట్టికలో ఉంది. ఐరోపావారికీ, ఆంగ్లో ఇండియన్లకూ లైసెన్సు అవసరం లేదు. దేశీయుల్లో కొందరు సంస్థానాధీశులకూ, పెద్ద జమీందార్లకూ, కొడగువారికీ మినహాయింపు దక్కింది. కొడగువారికి ఆ సౌకర్యం ఈనాటికీ కొనసాగుతూనే ఉంది. మిగిలిన కోట్లాదిమంది రైతులూ వ్యాపారులూ ప్లీడర్లూ కలెక్టరు కచేరీ ముందు చేతులు కట్టుకు నిలబడవలసిందే.

నాలుగేళ్ళ తరువాత, 1882 లో, హైదరాబాద్ వాలంటీర్ రైఫిల్స్ అనే దళం పుట్టింది. దాని కేంద్రం సికిందరాబాదు. దీని మూలాలు ఇంగ్లండులో ఉన్నాయి. 1859 లో ఫ్రెంచివారు దండెత్తి వస్తారన్న భయంతో అక్కడ ఊరూరా పౌరులు వాలంటీరు దళాలుగా ఏర్పడ్డారు. వారికి గురి నేర్పడం కోసం జాతీయ రైఫిల్ సంఘం వెలసింది. 1860 లో వింబుల్డన్‌లో జరిగిన మొదటి పోటీలను విక్టోరియా రాణి స్వయంగా తొలి గుండు పేల్చి ప్రారంభించింది. అలా దేశరక్షణ పేరుతో మొదలైన పని కొద్దికాలంలోనే పోటీగా, వినోదంగా మారింది. ఆ సరదా ఓడలెక్కి ఇక్కడికి వచ్చేసరికి దాని గుణం మారింది. అక్కడి వాలంటీరు బయటి శత్రువు కోసం గురి నేర్చుకున్నాడు. ఇక్కడి వాలంటీరు ఎవరికోసం నేర్చుకున్నాడో వేరే చెప్పనక్కరలేదు.

ఈ వాలంటీర్లెవరు? అధిక భాగం ఐరోపావారూ, ఆంగ్లో ఇండియన్లూ. 1874 లో వాడి నుంచి సికిందరాబాదుకు రైలు వచ్చింది. లాలాగూడ, మెట్టుగూడ ప్రాంతాల్లో రైల్వే కుటుంబాలు స్థిరపడ్డాయి. ఆ రోజుల్లో దేశమంతటా రైల్వేల్లో పనిచేసే ఐరోపావారూ ఆంగ్లో ఇండియన్లూ వాలంటీరు దళంలో చేరడం ఉద్యోగ ధర్మంగా ఉండేది. నిజాం రైల్వేకు కూడా ప్రత్యేకంగా ఒక దళం ఉండేది. ఇంజను నడిపేవాడు, టిక్కెట్టు చూసేవాడు, లెక్కలు రాసేవాడు పని ముగించుకుని ఖాకీ తొడుక్కుని గురి మైదానానికి వెళ్ళేవాడు.

ఆ మైదానాన్ని ఉత్తరాదిలో చాంద్‌మారీ అంటారు. చాంద్ అంటే చంద్రుడు, మారీ అంటే కొట్టడం. బల్ల మీద గీసిన గుండ్రని గుర్తును చందమామను చేసిన ఆ సిపాయి ఎవరో గాని రసికుడే! మైదానం కొసన ఎత్తయిన మట్టికట్ట ఉంటుంది. గుర్తును దాటిపోయిన గుండ్లు అందులో దిగబడతాయి. కట్ట ముందు గోతిలో కొందరు దాక్కుని ఉంటారు. ఒక గుండు పేలగానే వారు గుర్తును కిందికి దించి, చిల్లు ఎక్కడ పడిందో చూసి, పొడవాటి కర్రకు బిగించిన బిళ్ళతో ఆ చోటు పైకి చూపిస్తారు. గుండు గుర్తుకు తగలకపోతే జెండా ఊపుతారు. రెండు వందల గజాల నుంచి మొదలుపెట్టి ఆరు వందల గజాల దాకా వెనక్కి జరుగుతూ కాలుస్తారు. గాలి వాటం, ఎండ తళుకు, ఊపిరి బిగింపు అన్నీ లెక్కలోకి వస్తాయి. నిజం చెప్పాలంటే ఇది గొప్ప విద్య. మనసు నిలపడంలో యోగసాధనకు దగ్గరి చుట్టం. ఆ విద్య మీద నాకు ఎటువంటి ఫిర్యాదూ లేదు. ఒకడికి విద్య అయినదే పొరుగువాడికి నేరమెలా అయిందన్నదే నా బాధ.

ఈ బాధ ఆనాటివారికీ ఉంది. 1887 లో మద్రాసులో జరిగిన మూడవ కాంగ్రెసు మహాసభ, భారతీయులను వాలంటీర్లుగా చేర్చుకోవాలనీ, ఆయుధాల చట్టాన్ని సవరించాలనీ తీర్మానాలు చేసింది. ఆ రోజుల్లో కాంగ్రెసువారు ప్రభుత్వం పట్ల వినయవిధేయతలు ప్రకటించుకునేవారు. తుపాకి కావాలన్న కోరిక వెనుక హింస లేదు, మమ్మల్ని నమ్మరా అన్న ప్రశ్న ఉంది. అహింసనే వ్రతంగా పెట్టుకున్న గాంధీజీ సైతం 1918 లో ఖేడాలో సైన్యానికి మనుషులను చేర్చే ప్రయత్నం చేస్తూ, జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన ఈ చట్టాన్ని బ్రిటిషు పాలనలోని అపచారాలన్నిటిలోకీ చీకటిదిగా ఎంచారు. ఆయుధం పట్టే వీలుండి పట్టకపోవడం వ్రతం. వీలే లేకపోవడం వ్రతమెలా అవుతుంది?

1920 లో నియమాల్లో జాతిభేదం పోయింది. అదే సంవత్సరం వచ్చిన మరో రెండు చట్టాలు మాత్రం పాత గోడను వేరే రంగు వేసి నిలబెట్టాయి. ఐరోపా సంతతివారికి ఆగ్జిలరీ ఫోర్సు, భారతీయులకు టెరిటోరియల్ ఫోర్సు. మన వాలంటీర్లు హైదరాబాద్ రైఫిల్స్ పేరుతో మొదటిదానిలో చేరిపోయారు. రెండేళ్ళు తిరగకుండానే, 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద పడ్డాడు. ఆయన అక్కడినుంచి తీసుకుపోయినవి తుపాకులూ, తూటాలూ. లైసెన్సు దొరకని మన్యానికి ఠాణాయే ఆయుధశాల అయింది.

ఇదంతా తెల్లవారి పాపమేనని తేల్చేస్తే చరిత్రకు అన్యాయం చేసినవాళ్ళమవుతాం. నిజాం రాజ్యపు పల్లెల్లో తుపాకి దొర గడిలో ఉండేది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పులుల వేటకు ప్రసిద్ధుడు. 1893 లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హైదరాబాదు వచ్చి వేటాడి వెళ్ళాడు. రైతు చేతిలో మాత్రం పిట్టలను తోలుకునే వడిసెల ఉండేది. 1946 జూలై 4 న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల తుపాకి గుండుకు నేలకొరిగినప్పుడు, ఆ ఊరేగింపులో ఉన్నవారి చేతుల్లో ఉన్నవి కర్రలూ వడిసెలలూ. తరువాత సాయుధ పోరాటం ఎలా నడిచిందో మీకు తెలుసు.

మన పిట్టలదొర ఈ చరిత్రనంతా నవ్వుతూ చెప్పినవాడని నాకనిపిస్తుంది. చిరిగిన ఖాకీ కోటు, తల మీద టోపీ, భుజాన కట్టె తుపాకి, నోటి నిండా కోతలు. తుపాకి రాముడని కూడా పిలుస్తారు. ఊళ్ళో నిజమైన దొర దగ్గర నిజమైన తుపాకి ఉన్నంతకాలం, తుపాకి లేనివాడు కట్టె తుపాకి పట్టి దొర వేషం వేసి, దొరనే నవ్వులపాలు చేశాడు. ఏ ఆయుధాల చట్టమూ ఆ తుపాకికి లైసెన్సు అడగలేకపోయింది.

1947 లో ఆగ్జిలరీ ఫోర్సు రద్దయింది. 1951 లో భారత జాతీయ రైఫిల్ సంఘం ఏర్పడింది. దానికి తొలి అధ్యక్షుడు లోక్‌సభ తొలి స్పీకరు మావ్లంకర్. పాత చట్టం స్థానంలో 1959 లో కొత్త ఆయుధాల చట్టం చేశారు. అది 1962 లో అమల్లోకి వచ్చింది. లైసెన్సు ఇప్పటికీ ఉంది, ఉండాలి కూడా. తుపాకి అంగడి సరుకైన దేశాల్లో బడిపిల్లలకు ఏం జరుగుతున్నదో చూస్తున్నాం. కాని దరఖాస్తు పెట్టేవాడి చర్మం రంగును ఇప్పుడెవరూ అడగరు.

ఆ తేడా ఫలితం కళ్ళెదుట ఉంది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం సాధించాడు. ఆ క్రీడల్లో మన దేశానికి దక్కిన తొలి పతకం అదే. ఈషా సింగ్ అనే హైదరాబాదు అమ్మాయి పదమూడేళ్ళకే, 2018 లో, సీనియర్ జాతీయ విజేత అయింది. 2023 లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఎయిర్ రైఫిల్ గుర్తులో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. దాన్ని కొట్టే గుండు వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్లు. గుండుకన్న గుర్తే చిన్నది!

అయితే గోడ పూర్తిగా కూలిందా అంటే నాకు అనుమానమే. గగన్‌కు తుపాకి కొనడానికి ఆ కుటుంబం స్థలం అమ్ముకోవలసి వచ్చిందని అప్పట్లో పత్రికలు రాశాయి. స్థలం లేనివాళ్ళ పిల్లల మాటేమిటి? అప్పుడు పుట్టుక అడిగారు, ఇప్పుడు పర్సు అడుగుతున్నారు. 2016 నిబంధనల ప్రకారం ఇరవై జౌళ్ళకు మించని, .177 అంగుళాల గొట్టపు ఎయిర్ గన్నుకు లైసెన్సు అక్కరలేదు. పది మీటర్ల గది, ఒక మట్టికట్టకు బదులు ఒక ఇనుప పెట్టె ఉంటే చాలు. లాలాగూడ రైల్వే బడిలోనో, తిరుమలగిరి సర్కారు బడిలోనో అటువంటి గది ఒకటి కట్టించడం పెద్ద ఖర్చేమీ కాదు. అరవై అయిదేళ్ళపాటు కొందరికే దక్కిన చందమామ అది. గురి ఉన్న పిల్లలెవరో తెలియాలంటే ముందు వాళ్ళ చేతికి తుపాకి ఇచ్చి చూడాలి కదా.