బోర్లా పెట్టిన కార్డు

ఎదుటి ఆటగాడు ఒక కార్డు బోర్లా పెట్టాడు. దాని ముందు వాల్ ఆఫ్ స్టాటిక్ అనే ఐస్, అంటే రక్షణ కార్డు, ముందే తెరిచి ఉంది. అతని మొదటి క్లిక్, అంటే ఈ వంతులో చేయగల మూడు పనుల్లో ఒకటి, అక్కడ అయిపోయింది. మిగతా రెండు క్లిక్కులతో ఒక్కో క్రెడిట్ తీసుకున్నాడు; క్రెడిట్లంటే ఈ ఆటలో డబ్బు. అంతకుముందున్న 5 ఇప్పుడు 7 అయ్యాయి. తర్వాత చేతులు కట్టుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. ఇక మీ వంతు.

మీరున్నది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని రోజ్‌విల్‌లో. ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ కంపెనీ వాళ్ల ఆటల హాలు ఇది. ఆట ఆండ్రాయిడ్: నెట్‌రన్నర్. బల్లల మీద 2012లో వచ్చిన మొదటి పెట్టె కార్డులూ, దాని వెనకే వచ్చిన మొదటి చిన్న ప్యాక్ కార్డులూ పరిచి ఉన్నాయి. అతను ఆడుతున్నది జింటెకి తరఫున, అంటే క్లోన్లను తయారుచేసి అమ్ముకునే కార్పొరేషన్. మీరు కేట్ మెకాఫ్రీ అనే హ్యాకర్, ఈ ఆట భాషలో రన్నర్. ఇద్దరికీ చెరి 5 పాయింట్లు. ముందు 7 చేరినవాళ్లదే ఆట.

మీ కళ్లు ఆ కార్డు మీదే ఉన్నాయి. అది బ్రెయిన్‌ట్రస్ట్ అనే అజెండా, అంటే పాయింట్లిచ్చే కార్డు, అయ్యుండొచ్చు. వచ్చే వంతులో మూడు క్లిక్కులూ 3 క్రెడిట్లూ పెట్టాడంటే అది పూర్తవుతుంది, అతనికి 2 పాయింట్లు వస్తాయి, మీరు ఓడిపోతారు. కాకపోతే స్నేర్ అనే ఉచ్చు అయ్యుండొచ్చు. మీరు లోపలికి వెళ్లి దాన్ని తిప్పి చూసిన క్షణాన అతను 4 క్రెడిట్లు కడితే మీకు 3 నెట్ డ్యామేజ్, పైగా ఒక ట్యాగ్, అంటే మీ ఆచూకీ దొరికిందన్న గుర్తు. ఒక్కో డ్యామేజ్‌కి మీ చేతిలోంచి ఒక్కో కార్డు పోతుంది, ఏది పోవాలో మీ ఇష్టం కాదు. పోవాల్సినన్ని కార్డులు చేతిలో లేకపోతే రన్నర్ అక్కడికక్కడే చచ్చిపోతాడు. మీ చేతిలో ఉన్నవి రెండే.

ఆ కార్డు మీద అడ్వాన్స్‌మెంట్ టోకెన్లు, అంటే అజెండాని పూర్తిచేయడానికి పెట్టే గుర్తులు, ఉంటే స్నేరేమోనన్న అనుమానం ఉండేది కాదు. స్నేర్ మీద టోకెన్ పెట్టే వీలే లేదు. అప్పుడు భయం ప్రాజెక్ట్ జూన్‌బగ్ అనే ఇంకో ఉచ్చు గురించి: 1 క్రెడిట్ కట్టి, టోకెన్‌కి రెండేసి చొప్పున కొడుతుంది. ఇక్కడ ఒక్క టోకెనూ లేదు. స్నేర్‌లో అసలు గడుసుతనం వేరే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాల్సిన పనే లేదు. కార్పొరేషన్ చేతిలోంచి మీరు లాగినా, డెక్ పైనుంచి తీసినా అదే దెబ్బ. చెత్తకుప్పలో, అంటే ఆర్కైవ్స్‌లో ఉన్నప్పుడు మాత్రమే అది కరవదు.

మ్యాజిక్: ది గ్యాదరింగ్ సృష్టించిన రిచర్డ్ గార్ఫీల్డ్ ఈ ఆటను మొదట 1996లో రూపొందించాడు. ఇద్దరు ఆటగాళ్లకీ వేర్వేరు నియమాలు పెట్టాడు. కార్పొరేషన్ కార్డులు దాస్తుంది, రన్నర్ వెళ్లి చూస్తాడు. రమ్మీలో దాచుకునేది చేతిలో ముక్కల్నే. ఇక్కడ దాచిన కార్డు మీ కళ్ల ముందే ఉంటుంది, డబ్బు కూడా బల్ల మీద బాహాటంగా ఉంటుంది. నాకీ ఆట మీద ఇంత ప్రేమ అందుకే. ఈ మోసంలో అన్యాయం లేదు. లెక్కపెట్టేవాడికి కావలసినవన్నీ ఎదుటే ఉన్నాయి.

లెక్కపెట్టండి. అతని దగ్గర 7 ఉన్నాయి, స్నేర్‌కి 4 చాలు. అంటే ఉచ్చు పేలగలదు. మీకు నాలుగు క్లిక్కులు, 6 క్రెడిట్లు. చేతిలో డీజిల్, ష్యూర్ గ్యాంబుల్.

మొదటి క్లిక్: డీజిల్. ఖర్చు లేదు, మూడు కార్డులొస్తాయి. ఇప్పుడు చేతిలో నాలుగు.

ష్యూర్ గ్యాంబుల్ ఊరిస్తోంది. 5 కట్టి 9 తీసుకోవచ్చు. కానీ దాన్ని ఆడితే చేతిలో మూడే మిగులుతాయి. స్నేర్ పేలితే బతుకుతారు గానీ చెయ్యి పూర్తిగా ఖాళీ. ఇంకో క్లిక్ కూడా పోతుంది. వద్దు. ఉంచుకోండి.

రెండో క్లిక్: రన్, అంటే ఆ కార్డు మీదికి దాడి. వాల్ ఆఫ్ స్టాటిక్ బలం 3, గోడలు పగలగొట్టే మీ ప్రోగ్రామ్ కొరోడర్ బలం 2. ఒక క్రెడిట్‌తో బలం పెంచి, ఇంకొకదానితో గోడ పగలగొడతారు. మీకు 4 మిగిలాయి. అతను కదల్లేదు. మీరు చెయ్యి చాచి కార్డు తిప్పారు.

స్నేర్.

"నాలుగు కడుతున్నాను" అంటాడు. మీ కార్డుల్ని కలిపి బోర్లా పట్టుకుంటారు. అతను ఒకటి లాగాడు, ఇంకొకటి, మరొకటి. ష్యూర్ గ్యాంబుల్ కూడా పోయింది. ఒక్క కార్డు మిగిలింది. గుండె దడదడలాడుతోంది గానీ మీరు బతికే ఉన్నారు. స్నేర్‌ని చెత్తలో పడేయడానికి ఖర్చు సున్నా. పడేయండి.

మూడో క్లిక్: 2 క్రెడిట్లు కట్టి ట్యాగ్ తీసేయండి. దీన్ని వాయిదా వెయ్యకండి. ట్యాగ్‌తో వంతు ముగిస్తే, అతని దగ్గర స్కార్చ్‌డ్ ఎర్త్ ఉంటే 3 క్రెడిట్లతో 4 డ్యామేజ్ కొడతాడు. ఆఖరి క్లిక్‌తో తెలియని కార్డు మీదికి వెళ్లొద్దనేది ఇందుకే: ట్యాగ్ తీసేసుకోవడానికి క్లిక్ మిగలదు.

ఇప్పుడు అతని వైపు చూడండి. 7లో 4 పోయాయి, 3 మిగిలాయి. ఉచ్చు మిమ్మల్ని కొట్టింది నిజమే, కొట్టినందుకు అతని జేబూ చిక్కిపోయింది. అతని చేతి కార్డులుండే హెచ్‌క్యూ ముందు తెరవని ఐస్ ఒకటి ఉంది. అది న్యూరల్ కటానా అయితే మీ ప్రాణం తీసేదే, కానీ తెరవడానికి 4 కావాలి. చేతిలో ఇంకో స్నేర్ ఉన్నా దానికీ 4 కావాలి. తెలియని కార్డు మీదికి ఆఖరి క్లిక్‌తో వెళ్లకూడదన్న మాట ఈ ఒక్క వంతుకి సడలించవచ్చు. ఆ ఐస్ ఎనిగ్మా అయితే మిమ్మల్ని ఆపుతుంది, అంతే.

నాలుగో క్లిక్: హెచ్‌క్యూ మీద రన్. అతను ఐస్ వంక చూసి, క్రెడిట్ల వంక చూసి, తల అడ్డంగా ఊపాడు. తెరవలేదు. మీరు అతని చేతిలోంచి ఒక కార్డు లాగారు. హెడ్జ్ ఫండ్. దొంగిలించడానికేమీ లేదు. కానీ దాన్ని ఆడాలన్నా 5 కావాలి, అతని దగ్గర అవీ లేవు. పాయింట్లు ఇంకా 5, 5. అయినా ఈ వంతు మీదే అంటాను నేను.

ఫాంటసీ ఫ్లైట్ 2018లో ఈ ఆటను ఆపేసింది. ఆటగాళ్లే కలిసి దాన్ని బతికించుకున్నారు. ఇప్పుడు నల్ సిగ్నల్ గేమ్స్ పేరుతో కొత్త కార్డులు తెస్తున్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం 2021లో వచ్చిన సిస్టమ్ గేట్‌వే సెట్‌లో ఉర్టికా సైఫర్ అనే ఉచ్చు ఉంది. అది క్రెడిట్లు కూడా అడగదు. కార్డుల ఫైళ్లు ఉచితంగా దింపుకుని ప్రింటు తీసుకోవచ్చు. మీ ఇంట్లో రమ్మీ బాగా ఆడేవాళ్లెవరైనా ఉంటే ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆడి చూడండి. మొదటి ఆటలో కార్పొరేషన్ మీరే తీసుకోండి.